స్వచ్ఛందంగా అని రాసింది నేను

మా ఊరి నీటి సంఘం తీర్మానాల పుస్తకంలో ఒక పేజీలో ఉన్నది నిజం కాదు. అది రాసింది నేను. అప్పట్లో ఆ సంఘానికి ప్రెసిడెంటుని. ఆ పేజీ వల్ల ఒక కౌలు రైతుకి, ఒక ఆడమనిషికి, మాట మీద నిలబడదన్న పేరు వచ్చింది. ఆ పేరు వల్ల మా ఊళ్లో ఆమెకి మళ్లీ ఎవరూ సెంటు భూమి కౌలుకివ్వలేదు. ఇది జరిగి ఏడేళ్లు దాటింది.

ఇప్పుడు రాయడానికి కారణం పెద్దదేమీ కాదు. మొన్న కార్తీకంలో టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. కొత్తగా సేద్యంలోకి దిగిన కుర్ర రైతు ఒకడు, కాలువ చివరి శివారు పొలాలకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు అందుతాయా అని అడుగుతున్నాడు. పై చేల ఆసామి ఒకాయన, నాకంటే పదేళ్లు పెద్ద, జవాబు చెబుతున్నాడు. "నీళ్ల సంగతి తరవాత చూద్దాం గానీ, శివారోళ్ల మాట మాత్రం నమ్మకు. వెయ్యనని సంతకం పెట్టి, వారం తిరక్కుండా నాట్లేసిందొకావిడ. ఇదిగో, ప్రెసిడెంటు గారినే అడుగు." అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. అవునన్నట్టూ ఊపాను, కాదన్నట్టూ ఊపాను. టీ మొత్తం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశాను.

మాది నిడదవోలుకి దగ్గర్లో ఊరు. పెద్ద కాలువ నుంచి ఒక పిల్లకాలువ చీలి మా పొలాల్లోకి వస్తుంది, దాన్నుంచి బోదెలు చేలకి పారతాయి. పైనున్న చేలకి ముందు, శివారు చేలకి ఆఖరున. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, ఈ తేడా ఎవరికీ పట్టదు. అప్పుడు అందరి బాధా ఎక్కువైన నీళ్లతోనే. దాళ్వా అలా కాదు. గోదావరిలో నీళ్లు తగ్గిన ఏడు వంతులు పెడతారు. నాలుగు రోజులు పై తూములు, నాలుగు రోజులు కింది తూములు. తూము తలుపు ఎత్తేదీ దించేదీ లస్కరు. మా లస్కరు ముసలివాడు, నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. కాలువలో నీటి మట్టం కర్ర పెట్టకుండానే చెప్పేవాడు.

ఆ ఏడు వంతులు పెట్టినా చాలవని డిసెంబరులోనే తేలిపోయింది. నీటిపారుదల శాఖ ఏఈ గారు చుట్టుపక్కల సంఘాల ప్రెసిడెంట్లని పిలిచారు. కుర్రాయన, మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు.

"చూడండి, వరి వెయ్యొద్దని మీకు ఆర్డరివ్వడానికి మాకు అధికారం లేదండి. ఎవరి పొలం వాళ్లిష్టం. అలాగని మొత్తం ఆయకట్టుకి నీళ్లిస్తామని నేను హామీ కూడా ఇవ్వలేను. అందుకని మీరే మీటింగు పెట్టుకుని, ఎంత తగ్గించుకుంటారో తీర్మానం చేసి పంపించండి. స్వచ్ఛందంగా అన్న మాట అందులో ఉండాలండి. అది లేకపోతే పైన ఒప్పుకోరు."

ఆయన రాయమన్నది నిజంగా జరిగితేనే. ఆ సంగతి ఆయనా నాకు విడమరిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. అయినా ఆయన్ని ఇందులోకి లాగడం నా ఉద్దేశం కాదు.

మా సంఘంలో తీర్మానాలు రాసే పద్ధతి ఒకటుండేది. మా ఒక్క ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల అన్నిచోట్లా అంతే. సంతకాలు ముందు, తీర్మానం తరవాత. మీటింగుకి వచ్చిన మనిషి వచ్చినట్టే ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టేసి కూర్చుంటాడు. నలభై మంది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరూ ఏమీ రాయలేరు. వాళ్లంతా వెళ్లిపోయాక, అన్నం తిని, తీరిగ్గా ప్రెసిడెంటు పైభాగం నింపుతాడు. కుదిరిన మాటలు కుదిరినట్టు రాస్తాడు. దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. నేనూ అనుకోలేదు. నా చేతిరాత బాగుంటుందనే ఎన్నిక లేకుండా నన్ను ప్రెసిడెంటుని చేశారు.

పంచాయతీ ఆఫీసు వరండాలో మీటింగు. ఆమె వచ్చింది. ఉన్న ఒక్క ఆడమనిషీ ఆమే. రాజమండ్రిలో ఉంటున్న ఒక ఆసామి పొలం, శివార్లో ఎకరంన్నర, ఆమె చేస్తుండేది. భర్త లారీ మీద పోయేవాడు, నెలకోసారి వచ్చేవాడు. సేద్యం అంతా ఆమెదే. శివార్లో పొలాలున్న మిగిలినవాళ్లకి పైన కూడా పొలం చెక్కలున్నాయి, కింద పోయినా పైన పండుతుంది. ఆమెకి ఉన్నదంతా కిందే.

పుస్తకం ఆమె ముందు పెట్టాను. పెన్ను పట్టుకుని పేజీ పైవైపు చూసింది.

"పైన ఏం రాత్తారండీ?"

"ఇంకా ఏం రాయలేదమ్మా. నువ్వొచ్చినట్టు సంతకం, అంతే."

"ఆయ్" అని, రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం అక్షరం అక్షరం కలుపుతూ పెట్టింది. ఆ మాట అన్నప్పుడు నా మనసులో వేరే ఉద్దేశం లేదు. దీన్ని ఎవరైనా నమ్ముతారో లేదో నాకు తెలియదు.

మాటలు మొదలయ్యాయి. శివారు మొత్తం ఈ ఏడు మినుము చల్లుకోవాలి, వరి వెయ్యకూడదు, పై చేలు మాత్రం వేసుకోవాలి అన్నారు. టీ కొట్టు దగ్గర చెప్పానే, ఆ ఆసామే ముందుగా అన్నాడు. పదిమంది అవునవునన్నారు. అప్పుడామె స్తంభం దగ్గర నుంచే అంది.

"నేను నారు పోసేశానండి. ఒక్క మాట చెబుతాను వినండి. పైనోళ్లు, కిందోళ్లు అని లేకుండా అందరం తలా పావు వంతు బీడు పెడదాం. అప్పుడు ఉన్న నీళ్లు అందరికీ వత్తాయి గదండీ."

"ఏవమ్మా, నీ ఎకరంన్నర కోసం ఊరు ఊరంతా పావు వంతు బీడు పెట్టుకోవాలా?" అన్నాడాయన.

"మీ అందరి కోసం నా ఎకరంన్నరా నేను బీడు పెట్టుకోవాలంటున్నారు గదండీ మీరు."

ఎవరో నవ్వారు. తరవాత నవ్వు ఆగిపోయింది. ఆమె చెప్పినది సరైనదని ఆ వరండాలో చాలామందికి అర్థమైంది. నాకైతే పూర్తిగా అర్థమైంది. నాకు నాలుగెకరాలుంది, తూము పక్కనే. ఆమె మాట ప్రకారం ఒక ఎకరం వదులుకోవాలి. ప్రెసిడెంటుగా నేను ఆ మాట ఎత్తుకుని, దీని మీద మాట్లాడదాం అంటే మాట్లాడేవారే. నేను గడియారం చూసుకున్నాను. ఇంతలో టీలు వచ్చాయి. టీలు తాగి ఎవరి దారిన వాళ్లు లేచారు.

భోజనం చేసి, ఆ మధ్యాహ్నం రాశాను. "ఆయకట్టు రైతుల విశాల ప్రయోజనాన్ని దృష్టిలో ఉంచుకుని, శివారు రైతులు ఈ దాళ్వాలో వరి సాగును స్వచ్ఛందంగా విరమించుకొనుటకు అంగీకరించినందున, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ఎవరో ఒకరు ఆగకపోతే అందరి పంటా ఎండిపోయేదే, అందులో అబద్ధం లేదు. నిర్ణయం ఏదో ఒకటి చెయ్యక తప్పదు. కానీ మేం చేసింది, పదిమంది మొయ్యాల్సిన బరువు ఒకరి మీద పెట్టి, అది ఆ మనిషి ఇష్టం అని కాగితం మీద రాసుకోవడం. ఎవరి పొలం వాళ్లిష్టం అన్న మాట మెరక మీదున్న మాకు హక్కు అయింది. పల్లంలో ఉన్న ఆమె అదే మాట అంటే తప్పయింది.

ఆమె నాట్లు వేసింది. నారు పోసి ఉంది, ఒప్పుకోనూలేదు, వెయ్యకేం చేస్తుంది. జనవరిలో కాలువ నిండుగానే వచ్చింది, ఎప్పుడూ మొదట్లో అలాగే వస్తుంది. సంక్రాంతి వెళ్లాక వంతులు మొదలయ్యాయి. శివారు తూముకి వంతే లేదని చార్టులో రాసిచ్చింది కూడా నేనే. లస్కరు ఆ తలుపు దించేసి, తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీ చేలో కప్పలు బాగా అరుత్తున్నాయండి బాబుగారూ. శివారు కప్పలు కూడా మన చేలోకే వలసొచ్చేసినట్టున్నాయి."

"తీర్మానం అయింది గదయ్యా, నన్నేం చెయ్యమంటావు?"

"నేనేం అనలేదండి. కప్పల సంగతి చెప్పానంతే."

ఆమె రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. "నేను ఒప్పుకోలేదు గదండీ" అని రెండుసార్లూ అదే మాట. గొంతు పెంచలేదు. ఊరి మాట అమ్మా, నా ఒక్కడి చేతిలో లేదు అని నేనూ రెండుసార్లు ఒకే జవాబు చెప్పాను. మూడోసారి మా ఇంటికి రాకుండా ఏఈ గారి ఆఫీసుకి వెళ్లింది. నేను అప్పటికే అక్కడున్నాను, వంతుల గురించే పిలిచారు.

ఆయన ఆమె చెప్పిందంతా విని, ఫైల్లోంచి మా తీర్మానం తీశారు.

"ఇది మీ సంతకమేనామ్మా?"

ఆమె కాగితం చూసింది. నా వైపు చూసింది. నేను చెబుతానని ఎదురుచూసింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. ఒక మనిషి నోరు తెరవడానికి సరిపోయినంతసేపు.

"నాదేనండి" అంది.

"మరి మీరే ఒప్పుకుని, మీరే నాట్లేసి, ఇప్పుడు ప్రభుత్వాన్ని అడిగితే ఎలాగండీ?"

"అందులో ఏం రాసుందో ఒకసారి చదవండి."

ఆయన చదివారు. ఒక మాట దగ్గర ఆమె ఆపింది. "స్వచ్ఛందంగా అంటే ఏంటండి?"

"ఎవరూ బలవంతం చెయ్యకుండా. మీ అంతట మీరే, ఇష్టపడి."

"ఆయ్" అంది. అంతే అంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఏఈ గారు నాతో, "పాపం, చదువు లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలండీ ఇవి" అన్నారు. దానికి కూడా నేను అవునన్నాను.

మురుగు కాలువ మీద ఇంజను పెట్టి కొన్నాళ్లు తోడింది. మార్చికి మురుగు కాలువ కూడా అడుగంటింది. చేను సరిగ్గా పొట్ట మీదుంది. వరికి నీళ్లు లేకపోతే బతకని రోజులవి. మా చేలు పచ్చగా ఉన్నాయి, గట్టు మీద నిలబడితే ఆ పచ్చదనం ఎక్కడ ఆగిపోయిందో గీత గీసినట్టు కనపడేది. చివరికి ఆమె ఆ చేను పశువుల మేతకి కోసేసింది.

పంట పోవడం ఒక ఎత్తు. అది ఒక్క దాళ్వాతో పోయేది. మా వైపు కౌలు అంతా నోటి మాట మీద నడుస్తుంది, కాగితం ఉండదు. ఆసామి చూసేది మనిషి మాటనే. సంతకం పెట్టి మాట తప్పిందన్న కబురు రాజమండ్రి దాకా పోయింది. ఆ పొలం వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఆమె ఇంకో ముగ్గుర్ని అడిగిందని విన్నాను. ఆ ముగ్గురిలో ఇద్దరు ముందుగా నన్ను అడిగారు, ఎలాంటి మనిషండీ అని. నేను చెడ్డగా చెప్పలేదు. "ఏమోనండి, మీరే చూసుకోండి" అన్నాను. అంత చాలు.

తరవాత ఆమె నాట్ల ముఠా పెట్టుకుంది. పదిమంది ఆడవాళ్లని వెంటేసుకుని ఊరూరా నాట్లు వేస్తుంది. మంచి మేస్త్రి. ఏడేళ్లుగా మా పొలంలో నాటేది కూడా ఆమె ముఠాయే. మా గట్టు మీద కూర్చుని అన్నం తింటుంది, నేను మంచినీళ్ల క్యాను అందిస్తాను, ఎండ ఎక్కువగా ఉందని ఒకరితో ఒకరం చెప్పుకుంటాం.

టీ కొట్టు సంగతి జరిగాక నెలన్నర దాకా నేను ఏమీ చెయ్యలేదు. ఈ దాళ్వాకి నాట్లు ఎప్పుడో మాట్లాడ్డానికి ఆమే ఇంటికొచ్చింది. రోజు ఖాయం చేసుకున్నాక, వెళ్లబోతుంటే ఆపి చెప్పాను. నువ్వు ఒప్పుకోలేదు, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టించుకుని నేను రాశాను, ఆ రోజు ఆఫీసులో తెలిసీ నోరెత్తలేదు అని. ఎన్నాళ్లుగానో మనసులో పేర్చుకున్న మాటలే.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడి వింది.

"అదంతా నాకెందుకు చెబుతున్నారండీ? నేనక్కడే ఉన్నాను గదా."

"నీకు చెప్పాలనిపించిందమ్మా."

"నాకు తెలిసిందే మళ్లీ నాకు చెప్తే ఏం ఒరుగుద్దండి. తెలియనోళ్లకి చెప్పండి." వాకిట్లోంచి వెనక్కి తిరిగి, "గురువారం ఆరింటికల్లా వచ్చేత్తాం, నారు కట్టలు తడిపి ఉంచండి" అని వెళ్లిపోయింది.

ఇప్పుడు సంఘానికి వేరే ప్రెసిడెంటు ఉన్నాడు. మరుసటి ఆదివారం అదే వరండాలో దాళ్వా మీటింగు. లేచి నిలబడి చెప్పాను. ముప్ఫై మంది దాకా ఉన్నారు. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడేళ్ల విషయం అంత చిన్నదా అని నాకే అనిపించింది.

మొదట మాట్లాడింది ఆ పై చేల ఆసామే. "ఇన్నాళ్లు కడుపులో దాచుకున్నారు, ఇంకో రెండేళ్లు దాచుకుంటే మా రోజులైపోయేవి గదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలవాటు. లస్కరు గుమ్మంలో నిలబడి, "మాకు అప్పుడే తెలుసండి, అడిగిన నాథుడు లేడు" అన్నాడు. టీ కొట్టు దగ్గరి కుర్ర రైతు మాత్రం నవ్వలేదు. "మరి ఆవిడ చెప్పిన పద్ధతి, తలా పావు వంతు, అది రాసిపెట్టుకోవచ్చు గదండీ, నీళ్లు తగ్గిన ఏడు పనికొస్తుంది" అన్నాడు. ఈ ఏడు నీళ్లున్నాయి గదా, తగ్గినప్పుడు చూద్దాంలే అన్నారు. ఎవరూ తిట్టలేదు. ఒకరిద్దరు నా భుజం తట్టారు. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

కబురు సాయంత్రానికి ఆమెకి చేరింది. మర్నాడు నారు చూడ్డానికి చేలోకి వచ్చినప్పుడు, "విన్నానండి" అంది. నేను అప్పటికే ఒకటి అనుకుని ఉన్నాను. తూము పక్క ఎకరం ఈ దాళ్వా నుంచి నువ్వు చేసుకో, మామూలు కౌలుకే, అన్నాను. ఆమె ఆ ఎకరం వైపు చూసింది, బోదె వైపు చూసింది.

"కౌలు కార్డు మీద సంతకం పెడతారాండి?"

నేను ఆ ప్రశ్న ఊహించలేదు. కౌలు కార్డంటే, ఈ పొలం చేస్తున్నది ఫలానా మనిషి అని ప్రభుత్వం ఇచ్చే కాగితం. ఆసామి సంతకం ఉంటేనే ఇస్తారు. అదుంటే ఆమె పంట నష్టం అడగొచ్చు, సంఘం మీటింగులో రైతుగా కూర్చుని మాట్లాడొచ్చు. అందుకే మా వైపు ఆసాములెవరూ పెట్టరు. నోటి మాట మీద ఎంతైనా ఇస్తారు, సంతకం మాత్రం పెట్టరు.

"చూద్దాంలే అమ్మా" అన్నాను.

"నోటి మాటైతే వద్దండి" అంది. కోపంగా అనలేదు. ధర కుదరనప్పుడు అన్నట్టు అంది.

ఇంట్లో చెప్పాను. "తప్పు ఒప్పుకున్నారు, బాగుంది. పొలం మీద కాగితం ఎందుకు? రేపు పిల్లలు అడిగితే ఏం చెబుతారు?" అంది మా ఆవిడ. ఆ కార్డుతో పొలం పోదని నాకు తెలుసు, అది పదకొండు నెలల కాగితం. తెలిసి కూడా వారం రోజులు ఆగాను. ఒకరోజు పట్టాదారు పుస్తకం కనపడలేదు. ఒకరోజు సచివాలయంలో సర్వరు పనిచెయ్యలేదన్నారు, నేను కనుక్కోనుకూడా లేదు, ఎవరో అంటే విన్నాను. మిగతా రోజులకి ఆ మాత్రం సాకు కూడా లేదు. సరిగ్గా ఏం భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. ఆ వరండాలో ఆమె నాకు ఎదురుగా కూర్చుని, రైతుగా, హక్కుగా మాట్లాడుతుందని కాబోలు.

ఈలోగా నారు ముదిరిపోతోంది. ఆ ఎకరం ఖాళీగా ఉంచితే దాళ్వా దాటిపోతుంది. అనుకున్న గురువారమే ఆమె ముఠా వచ్చింది. మిగిలిన మూడెకరాలతో పాటు ఆ ఎకరం కూడా నాటేసింది, కూలికి. కార్డు సంగతి ఆమె ఎత్తలేదు. వరస తప్పకుండా, నేను నిలబడ్డ గట్టు దాకా నాటుకుంటూ వచ్చి, ఇంకో కట్ట నారు అందించమంది. అందించాను.

ఆ తరవాతి సోమవారం వెళ్లి సంతకం పెట్టాను. వీఆర్వో కాగితం తీసుకుని, "దాళ్వాకి ఇక కుదరదండి, నాట్లు మీరే వేయించేశారు, ఈ పంట మీ పేరునే ఎక్కుతుంది గదా. కార్డు సార్వాకి వస్తుంది" అన్నారు. ఆ మాట ఆమెకి నేనే వెళ్లి చెప్పాను. సార్వాకి కాలువలో నీళ్లు వదిలేది జూన్‌లో. అప్పటిదాకా ఆ ఎకరంలో కలుపు తియ్యడానికి కూడా ఆమె కూలికే వస్తుంది.